మావాడికి స్కూల్లో ఆకురాయి పట్టిస్తారట, సంతకం పెట్టాలా?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది విజయవాడ, పటమట. మా వారు ఆటోనగర్లో లేత్ మీద, అంటే ఇనప కడ్డీని తిప్పుతూ కోసే మెషీన్ మీద, ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నారు. బాబు తొమ్మిదో తరగతి, పాప ఏడు. బాబు స్కూల్లో ఈ ఏడాది వృత్తి విద్య అని ఒక సబ్జెక్టు పెట్టారు. అందులో తయారీ, ఇంజినీరింగ్ పనుల పరిచయం ఉంటుందట. వారానికి రెండు పీరియడ్లు స్కూల్లో, సెలవుల్లో పది రోజులు ఒక ఐటీఐ వర్క్‌షాపులో. ఫిట్టింగ్, రేకు పని, కొంచెం వైరింగ్ చేయిస్తారు, వెల్డింగ్ చూపిస్తారు అన్నారు. తల్లిదండ్రుల సంతకానికి ఫారం పంపారు. బాబుకి చాలా ఇష్టం. మా ఇంట్లో ఫ్యాన్ విప్పేదీ వాడే, బిగించేదీ వాడే, ఒక్కోసారి ఒక స్క్రూ మిగులుతుందనుకోండి. మా వారు మాత్రం ఫారం చూసి అవతల పారేశారు. "నేను తిన్న నూనె చేతుల కూడు వీడు తినక్కర్లేదు" అన్నారు. ఆయనకి ఎడమ చూపుడువేలు కొస లేదు, పెళ్లికి ముందే మెషీన్లో పోయింది. మా తమ్ముడికి లారీ బాడీల వెల్డింగ్ షాపుంది. "స్కూల్లో ఏం నేర్పి చస్తారక్కా, సెలవుల్లో నా దగ్గరికి పంపు, నెలలో పనోణ్ని చేస్తా" అంటాడు. మా ఆడపడుచేమో ఈ సబ్జెక్టు తీసుకుంటే ఇంక ఇంజినీరింగ్‌కి పనికిరాడని భయపెడుతోంది. ఒకటే టెన్షన్. సోమవారం లోపు ఫారం ఇచ్చేయాలి. ఏం చేయమంటారు?

పేరు వద్దన్న ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా,

ముందు మీ ఆయన సంగతి. ఫారం పారేశారని ఆయన మీద కోపం పెట్టుకోకండి. మీ ఇంట్లో ఆ పని ఏమిటో ఒంటికి తెలిసినవాడు ఆయనొక్కడే. నేను చాలా ఏళ్లు ఫిట్టర్ ట్రేడ్ పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరై గుంటూరులో ఉంటున్నాను. అడ్మిషన్ల రోజుల్లో రైతుల పిల్లలు వచ్చేవాళ్లు, మిర్చి యార్డులో బస్తాలు మోసేవాళ్ల పిల్లలు వచ్చేవాళ్లు. ఆ తండ్రులు "సార్, మావాడికి ఉద్యోగం వస్తుందా" అని అడిగేవాళ్లు. తండ్రి మెషీన్ మీద పనిచేసేవాడైతే మాత్రం వేరే ప్రశ్న. నన్ను వరండాలోకి పిలిచి, గొంతు తగ్గించి, "వేళ్లు జాగ్రత్త సార్" అనేవాడు. అంతే, ఇంకేం అడిగేవాడు కాదు.

మీ ఆయన పని నేర్చుకున్న తీరు మీరు రాయకపోయినా నాకు కళ్లకు కట్టినట్టు ఉంది. పన్నెండో పదమూడో ఏట షాపులో చేరి ఉంటారు. మొదటి ఏడాదంతా టీలు తేవడం, ఇనప రజను ఊడవడం, విప్పిన సామాను కిరసనాయిల్లో కడగడం. పద్నాలుగో నంబరు పానా అడిగితే పదమూడోది అందించినందుకు మొట్టికాయ. ఇదెందుకు ఇలా తిప్పుతున్నారు అని అడిగితే ఇంకో మొట్టికాయ. మేస్త్రి అన్నానికి వెళ్లిన అరగంటలో దొంగచాటుగా లేత్ ముట్టుకుని నేర్చుకున్న విద్య అది. అలా నేర్చినవాళ్ల చేతిలో గొప్ప పనితనం ఉంటుంది, జేబులో కాగితం ఉండదు. 2020 నాటి జాతీయ విద్యా విధానంలో ఒక లెక్క వేశారు. 19 నుంచి 24 ఏళ్ల మధ్య ఉన్న మన కార్మికుల్లో లాంఛనంగా వృత్తి శిక్షణ పొందినవాళ్లు 5 శాతం కూడా లేరట. అదే జర్మనీలో 75, దక్షిణ కొరియాలో 96 శాతం. ఈ లెక్క చూపించి మన పిల్లలకు పనే రాదని ఉపన్యాసాలు ఇస్తారు, నాకు ఒళ్లు మండుతుంది. మీ ఆయన ఆ వయసులో ఉన్నప్పుడు ఏ లెక్కలో ఉండి ఉంటారు? మిగతా తొంభై అయిదులో. పని రాక కాదు, పని వచ్చని రాసిచ్చే నాథుడు లేక.

ఆయన భయమంతా ఆ షాపు గురించి. స్కూలు వాళ్లు పంపిన ఫారం ఆ షాపుకి కాదు. ఈ తేడా ఆయనకు చెప్పగలిగితే సగం గొడవ తీరుతుంది. పది రోజుల వర్క్‌షాపు తర్వాత మీ బాబు "నాకిది వద్దు నాన్నా" అనొచ్చు, ఎవరూ ఏమీ అనరు. పదమూడేళ్ల వయసులో మీ ఆయనకి ఆ మాట అనే వీలు లేకపోయింది.

ఇంతకీ అక్కడ ఏం చేయిస్తారు? ఫిట్టింగ్‌లో మొదటి పాఠం ఏ ఊళ్లో అయినా దాదాపు ఒకటే. పది మిల్లీమీటర్ల మందం ఉన్న చిన్న ఇనప పలక ఇచ్చి, వైస్‌లో, అంటే బల్లకి బిగించిన ఇనప పట్టులో బిగించి, చేతికి ఆకురాయి, అంటే ఇనుము అరగదీసే ఫైలు, ఇస్తారు. దీన్ని యాభైకి యాభై మిల్లీమీటర్ల చతురస్రం చెయ్యి అంటారు. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. పిల్లాడు కుడిచేత్తో పిడి, ఎడమచేత్తో కొస పట్టుకుని వెనక్కీ ముందుకీ ఎడాపెడా రుద్దేస్తాడు. పది నిమిషాలకి చెమటలు. ముందుకు తోసేటప్పుడే కోస్తుంది, వెనక్కి లాగేటప్పుడు బరువు వేస్తే పళ్లు అరిగిపోవడం తప్ప ఒరిగేదేం లేదు అని అప్పుడు చెబుతాం. ముందే చెబితే చెవికెక్కదు. రెండో రోజుకి అంచు నున్నగా మెరుస్తుంది. వాడు మురిసిపోతూ తెచ్చి చూపిస్తాడు. మట్టం, అదే ట్రై స్క్వేర్, దాన్ని అంచుకి ఆనించి కిటికీ వైపు ఎత్తి పట్టుకోమంటాను. రెండు కొసల దగ్గరా సందులోంచి వెలుతురు. మధ్యలో చీకటి. అంటే మధ్యలో గుబ్బ తేలింది. తోసేటప్పుడు చేతులు ఉయ్యాలలా ఊగాయి కాబట్టి కొసలు ఎక్కువ అరిగాయి. నేను వాణ్ని ఒక్క మాట అనక్కర్లేదు. వెలుతురే చెప్పేసింది.

నాకు ఈ పాఠంలో నచ్చేది ఆ వెలుతురే. పరీక్షలో తప్పు రాస్తే టీచరు మంచివాడైతే రెండు మార్కులు వేస్తాడు, బతిమాలితే ఇంకో మార్కు. ఇనప ముక్కని బతిమాలడానికి లేదు. 49.2 వచ్చిందా, అరగదీసింది మళ్లీ అతకదు. ఇంకో ముక్క తీసుకోవాలి. మొదటిసారి ఆ ముక్కను పక్కన పారేసి ఇంకోటి అడగడానికి పిల్లలు సిగ్గుపడతారు, కొందరికి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. మూడో ముక్కకి వాళ్ల నడకే మారుతుంది. గీత దగ్గర పడుతుంటే చేయి దానంతటదే నెమ్మదిస్తుంది. రుద్దడం ఆపి కొలవడం ఎక్కువ చేస్తారు. స్కేలుతో మొదలుపెట్టి, ఇంకా సన్నగా కొలిచే వెర్నియర్ అనే సాధనం దాకా వస్తారు. మామూలు వెర్నియర్ మిల్లీమీటర్లో యాభయ్యో వంతు, అంటే 0.02 దాకా చూపిస్తుంది. మన వడ్రంగులకు అంగుళంలో ఎనిమిదో వంతు ఒక నూలు, అర నూలు అటూ ఇటూ అయితే మక్కు పెట్టి సరిపుచ్చుతారు. ఇక్కడ సరిపుచ్చడం ఉండదు.

ఇంకో చిన్న విషయం చెప్పాలి, ఇది మీ ఆడపడుచు గారికి. ఇనుము మీద గీతలు గీస్తే కనపడవు. అందుకని గీసే ముందు సుద్ద రాస్తారు, లేదా మైలుతుత్తం నీళ్లు పూస్తారు. శుభ్రంగా తుడిచిన ఇనుము మీద ఆ నీలం నీళ్లు పడీపడగానే పలకంతా రాగి రంగులోకి తిరుగుతుంది. దాని మీద స్క్రైబర్‌తో, అంటే గీతలు గీసే ఉక్కు ముల్లుతో, గీస్తే గీత వెండి తీగలా కనిపిస్తుంది. మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్. పదో తరగతి సైన్సు పుస్తకంలో ఇనప మేకులను కాపర్ సల్ఫేట్ ద్రావణంలో వేసే ప్రయోగం ఉంటుంది, స్థానభ్రంశ చర్య అంటారు. ట్యూషన్లలో దాన్ని సమీకరణంగా బట్టీ పట్టిస్తారు. వర్క్‌షాపులో అది రోజూ వాడే రంగు. చేత్తో ఒక్కసారి పూసినవాడు ఇనుము రాగిని బయటికి నెట్టేస్తుందన్న సంగతి జన్మలో మరిచిపోడు. ఈ సబ్జెక్టు వల్ల చదువు పాడవుతుందన్న మాట నేనైతే నమ్మను. పాడయ్యేది ఎప్పుడంటే, ఈ పేరు చెప్పి లెక్కల పుస్తకం మూసేసినప్పుడు. ఆ సంగతి కిందకి వస్తాను.

అయితే ఈ సబ్జెక్టు గురించి కొందరు చెప్పే గొప్పలు కూడా నమ్మకండి. సర్టిఫికెట్ ఇస్తారు, ఇవ్వనివ్వండి. దాన్ని పట్టుకుని ఎవడూ ఉద్యోగం ఇవ్వడు. పరిచయం అంటే పరిచయమే. ఐటీఐలో ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్, ఎలక్ట్రీషియన్ ట్రేడ్లకు రెండేళ్లు, వెల్డర్‌కి ఏడాది. అన్ని రోజులు రుద్దితే వచ్చే విద్య పది రోజుల్లో రాదు. పది రోజుల్లో తెలిసేదల్లా ఒకటే, పిల్లాడికి ఈ పని మీద మనసుందా లేదా. ఫ్యాన్ విప్పడం వేరు, వరుసగా మూడు గంటలు నిలబడి ఒకే అంచు రుద్దడం వేరు. మొదటిదాంట్లో సరదా ఉంటుంది. రెండోదాంట్లో విసుగు పుడుతుంది, ఆ విసుగు దాటాక కొందరికి ఒక రుచి తగులుతుంది, కొందరికి తగలదు. మీవాడు ఏ జాతో తొమ్మిదో తరగతిలో తెలిస్తే మంచిదా, బీటెక్ మెకానికల్ మూడో ఏడాదిలో ఫీజులన్నీ కట్టేశాక తెలిస్తే మంచిదా? రెండో రకం పిల్లల్ని నేను చాలామందిని చూశాను. డ్రిల్ బిట్ పట్టుకోకుండా డిగ్రీ పట్టుకొచ్చినవాళ్లు.

ఇది కొత్తగా పుట్టిన సంగతి కూడా కాదు లెండి. మా తరం హైస్కూళ్లలో క్రాఫ్ట్ పీరియడ్ ఉండేది, క్రాఫ్ట్ మాస్టారు ఉండేవారు. కొన్నిచోట్ల వడ్రంగం, కొన్నిచోట్ల మగ్గం. ఆ మాస్టార్లు రిటైరయ్యారు, ఆ గదుల్లో విరిగిన బెంచీలు పడేశారు, ఆ పీరియడ్‌లో లెక్కలు చెప్పారు. ఇప్పుడు 2020 విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగులు, కుమ్మర్లు, తోటమాలుల దగ్గర పని చూడాలంటోంది. మన విజయవాడ పిల్లలకు దీనికోసం ఎక్కడికో పోనక్కర్లేదు. కొండపల్లిలో తెల్లపొణికి కర్ర చెక్కి బొమ్మ తీసేవాళ్లున్నారు. ఆటోనగర్లో ఉత్త ఛాసిస్‌గా వచ్చిన లారీ బాడీ కట్టుకుని, రంగేసుకుని, వెనక సామెత రాయించుకుని బయటికి పోతుంది. రాయనపాడులో రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపు ఉంది. ఇంత పని చుట్టూ జరుగుతుంటే మన పిల్లలు కిటికీలు మూసిన స్కూలు బస్సులో ఆటోనగర్ గేటు దాటి పోతుంటారు.

మీ తమ్ముడి మాటకొస్తాను. వద్దు. ప్రేమతోనే అన్నాడు, కాదనను. కానీ అతని షాపు పని చేసే చోటు, నేర్పే చోటు కాదు. లారీ యజమాని వచ్చి నెత్తిన కూర్చుంటాడు, రేపటికి బండి కావాలంటాడు. ఆ హడావిడిలో మేనల్లుడికి కూర్చోబెట్టి ఎవరు చెబుతారు? "ఒరేయ్ ఆ యాంగిల్ పట్టుకో" అంటారు. వాడు పట్టుకుంటాడు. అవతల ఆర్క్ కొడతారు, అంటే వెల్డింగ్ మంట వెలిగిస్తారు. కళ్లకు అడ్డం పెట్టుకునే నల్ల అద్దం ఒక్కటే ఉంటుంది, అది కొట్టేవాడి దగ్గరుంటుంది. వీడు తల పక్కకి తిప్పుకుంటాడు, మధ్యమధ్యలో ఎలా అతుకుతోందా అని చూస్తాడు, పిల్లాడు కదా. సాయంత్రం ఇంటికొచ్చి బాగానే అన్నం తింటాడు. అర్ధరాత్రి లేచి కళ్లలో ఇసుక పోసినట్టుందని ఏడుస్తాడు. వెల్డింగ్ వెలుగు దెబ్బ అప్పటికప్పుడు తెలియదు, కొన్ని గంటలు పోయాక తెలుస్తుంది. అప్పుడు బంగాళాదుంప ముక్కలు కోసి కళ్ల మీద పెడతారు, షాపుల్లో తరతరాల వైద్యం అది. మీ ఆయన్ని అడగండి, ఎన్ని రాత్రులు పెట్టుకున్నారో.

చట్టం కూడా ఉంది. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించాక 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదు. 14 నుంచి 18 మధ్యవాళ్లని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. సెలవుల్లో సొంతవాళ్ల పనిలో సాయం చేయొచ్చని ఒక మినహాయింపు ఉంది, మీ తమ్ముడు ఆ మాటే అంటాడు. ఆ మినహాయింపు కూడా ప్రమాదం లేని పనికే. అతనికి కష్టం కలగకుండా చెప్పాలంటే, బాబు పద్దెనిమిది దాటి, చేతిలో ట్రేడ్ ఉండి వస్తే అప్పుడు జీతమిచ్చి పెట్టుకోమనండి.

అలాగని స్కూలు వాళ్లు పంపే చోటల్లా భద్రంగా ఉంటుందని నేను చెప్పడం లేదు. నేను పనిచేసిన ఒకచోట, పేరెందుకులెండి, ఒక కుర్రాడు డ్రిల్లింగ్ మెషీన్‌లో బిట్ బిగించి, బిగించిన తాళంచెవిని చక్‌లోనే, అంటే బిట్‌ని పట్టుకునే భాగంలోనే, వదిలేసి స్విచ్ వేశాడు. అది ఎగిరి గోడకి కొట్టుకుంది. మధ్యలో ఎవరైనా ఉంటే? ఆ పూట తరగతిలో ఉండాల్సిన ఇన్‌స్ట్రక్టర్ని నేనే. ఆఫీసులో కాగితాల మీద సంతకాలు పెడుతున్నాను. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. అందుకే చెబుతున్నాను, సంతకం పెట్టే ముందు వెళ్లి చూడండి. మీరిద్దరూ వెళ్లండి.

వెళితే ఏం చూడాలి? పెద్ద పెద్ద మెషీన్లు చూసి మురిసిపోకండి. ఆకురాళ్లకు పిడులున్నాయా లేదా చూడండి. పిడి లేని ఆకురాయి వెనక ములుకు ఉంటుంది. జారిందంటే అరచేతిలోంచి దూసుకుపోతుంది. పిడి ఖరీదు ఎంత, చిల్లర. ఆ చిల్లర ఖర్చు పెట్టి, ఊడినప్పుడల్లా మళ్లీ దిగ్గొట్టించే మనిషి ఆ వర్క్‌షాపులో ఉన్నాడంటే మిగతావన్నీ చూసుకునే మనిషే. పిడులు లేవా, గోడల మీద ఎన్ని సేఫ్టీ బోర్డులు రాసినా నాకు నమ్మకం ఉండదు. తర్వాత ఎంతమంది పిల్లలకి ఎన్ని వైస్‌లు అని అడగండి. ఐటీఐలో ఫిట్టర్ యూనిట్ అంటే 20 మంది. మీవాడి స్కూలు నుంచి అరవైమందిని ఒకేసారి తోలితే నలుగురు చేస్తారు, మిగతావాళ్లు గోడకానుకుని ఫోన్ చూస్తారు. గ్రైండర్ దగ్గరికి అద్దాలు లేకుండా పోనిస్తున్నారా, వెల్డింగ్ చూపించేటప్పుడు ప్రతి పిల్లాడి చేతిలో నల్ల అద్దం ఉంటుందా అనేది కూడా మొహమాటపడకుండా అడగండి.

బాబు విషయంలో మీరు ఇంట్లో చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. చెప్పులు వద్దు, బూట్లు. చొక్కా చేతులు మోచేతి పైకి. మణికట్టుకి కట్టిన గుడి తాళ్లు, రాఖీలు, రబ్బరు బ్యాండ్లు ఆ పది రోజులు తీసేయాలి. తిరిగే మెషీన్‌కి ఒక్క పోగు దొరికితే చాలు, చేయి దాని వెంటే పోతుంది. తిరిగే డ్రిల్ దగ్గర గ్లవుజులు కూడా తొడగకూడదు, అదే కారణం. ఒక ఏడాది మాల వేసుకున్న కుర్రాడు మెడలో నల్ల కండువాతో డ్రిల్లింగ్ మెషీన్ మీదికి వంగాడు. తీసెయ్యమంటే దీక్షలో ఉన్నాను సార్ అన్నాడు. దీక్ష అయ్యేదాకా నువ్వు బెంచి దగ్గరే ఆకురాయి పట్టు స్వామీ, మెషీన్ ముట్టుకోకు అన్నాను. వాడికి కోపం వచ్చింది, నలభై రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఫరవాలేదు.

ఇక మీ ఆడపడుచు భయం. ఇంజినీరింగ్‌కి దారి మూసుకుపోదు. స్కూల్లో ఈ సబ్జెక్టు చదివినా పదో తరగతి పదో తరగతే. ఆ తర్వాత ఎంపీసీ తీసుకుని ఇంటర్ చదువుకోవచ్చు, ఎవరూ అడ్డం చెప్పరు. లేదంటే పాలిటెక్నిక్‌లో చేరడానికి పాలీసెట్ రాయొచ్చు. 120 మార్కుల పరీక్ష, అందులో లెక్కలకే 50, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 30, అంతా పదో తరగతి సిలబసే. మూడేళ్ల డిప్లొమా చేసి ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. విజయవాడలోనూ గుంటూరులోనూ ప్రభుత్వ పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. నా మటుకు నాకు, చేతి పని మీద మనసున్న పిల్లాడికి ఇంటర్ రెండేళ్లు హాస్టల్ గదిలో వేసి కుక్కడం కంటే పాలిటెక్నిక్ దారి మంచిదనిపిస్తుంది. ఇది నా పక్షపాతం, మీరు దాన్ని అలాగే తీసుకోండి. గన్నవరం దగ్గర సూరంపల్లిలో సీపెట్ అనే కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్స్ శిక్షణ సంస్థ ఉంది, ప్లాస్టిక్ అచ్చుల తయారీలో పది తర్వాత మూడేళ్ల డిప్లొమా. హైదరాబాద్ బాలానగర్లో 1968లో పెట్టిన సీఐటీడీలో, అంటే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో, టూల్, డై, మౌల్డ్ తయారీకి నాలుగేళ్ల డిప్లొమా ఉంది, అదీ పది తర్వాతే, ప్రవేశ పరీక్ష రాయాలి. బకెట్ నుంచి సెల్‌ఫోన్ డబ్బా దాకా ఏ వస్తువుకైనా ముందు ఒక అచ్చు కావాలి, ఆ అచ్చు చెక్కేవాడి చేతికి ఎప్పుడూ పని ఉంటుంది.

పైన వదిలేసిన మాట ఇప్పుడు చెబుతాను. చేతి పని దారిలో పోతున్నాం కదా అని పదో తరగతి మార్కులు వదిలేసే పిల్లలున్నారు, తల్లిదండ్రులూ ఉన్నారు. రైల్వే అప్రెంటిస్‌కి పదిలో కనీసం 50 శాతం ఉండాలి, ఐటీఐ ఉండాలి. రాత పరీక్ష ఉండదు. పది మార్కులూ ఐటీఐ మార్కులూ కలిపి సగటు తీసి ఎంపిక చేస్తారు. చేతిలో బంగారం లాంటి పని ఉండి, పదిలో అత్తెసరు మార్కులు వచ్చి ఆగిపోయిన పిల్లలు నా దగ్గరికి వచ్చేవాళ్లు. ఆ కాగితం మీద నేను చేయగలిగింది ఏమీ ఉండేది కాదు.

ఏడో తరగతి చదివే పాప ఉందని రాశారు, ఒక్క మాటతో సరిపెట్టి వదిలేశారు. పాపకి రెండేళ్లలో ఇదే ఫారం వస్తుంది. అప్పుడు ఏం చేస్తారో ఇప్పుడే అనుకోండి. ఆడపిల్లలకు ఇది కాదు, కుట్టు మిషను చాలు అని స్కూలు వాళ్లే తోసేసే ప్రమాదం ఉంది. మైక్రోమీటర్ మిల్లీమీటర్లో నూరో వంతు కొలుస్తుంది, పట్టుకున్నది ఆడపిల్లా మగపిల్లాడా అని దానికి తెలియదు. నా అనుభవంలో ఓపిగ్గా కొలిచింది ఎక్కువగా అమ్మాయిలే. గుంటూరులో ఆడపిల్లలకు ప్రత్యేకంగా ప్రభుత్వ మహిళా పాలిటెక్నిక్ ఉంది, గుర్తుంచుకోండి.

మళ్లీ మీ ఆయన దగ్గరికే వస్తున్నాను, ఎందుకంటే ఆయన మనస్ఫూర్తిగా ఒప్పుకోకపోతే మీరు పెట్టే సంతకానికి అర్థం లేదు. బాబుకి ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది త్రికోణమితి వస్తుంది. టాన్ తీటా అంటే ఏమిటో పుస్తకంలో చెట్టు, దాని నీడ వేసి చెబుతారు. మీ ఆయన షాపులో ఏటవాలుగా, అంటే టేపర్, తీసే పని వస్తుంటుంది. నలభై మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న కడ్డీని యాభై మిల్లీమీటర్ల పొడవులో ముప్పైకి దించాలి. కాంపౌండ్ స్లైడ్‌ని, అంటే లేత్‌లో కోసే పనిముట్టుని ఏటవాలుగా నడిపే భాగాన్ని, ఎన్ని డిగ్రీలు తిప్పుతారు? ఆయన పాత షాపు అలవాటుతో ఇంచుమించు పెట్టి, ఒక కోత కోసి, కొలిచి సరిచేసుకుంటారు. లెక్క ప్రకారం నలభైలోంచి ముప్పై తీస్తే పది, దాన్ని యాభైకి రెట్టింపు, అంటే నూరుతో భాగిస్తే 0.1. టాన్ విలువ 0.1 ఉన్న కోణం 5 డిగ్రీల 43 నిమిషాలు. ఒక ఆదివారం పూట ఈ లెక్క బాబుని కాగితం మీద చేయమనండి, మీ ఆయన్ని చేతి లెక్కతో చెప్పమనండి. ఇద్దరికీ ఒకే జవాబు దగ్గర దగ్గరగా వచ్చినప్పుడు వాళ్ల మొహాలు చూడండి. బాబుకి ఆ రోజు నుంచి నాన్న పని చిన్నదిగా కనపడదు. మీ ఆయనకి కూడా కనపడకపోవచ్చు.

ఆయనతో ఫారం గురించి అన్నం తినేటప్పుడు ఎత్తకండి. షాపు నుంచి అలిసి వచ్చిన మనిషికి ఆ వేళ అన్నీ చెడ్డగానే కనిపిస్తాయి. "పిల్లాణ్ని పంపాలా వద్దా" అని కూడా అడగకండి. "ఆ వర్క్‌షాపు సరిగ్గా ఉందో లేదో నాకేం తెలుస్తుంది, మీరొచ్చి చూసి చెప్పండి" అనండి. నిజంగా కూడా మీకు తెలియదు, ఆయనకు తెలుస్తుంది. గుమ్మంలోంచే చెప్పేస్తారు. పిడులు, తిరిగే భాగాల మీది గార్డులు, నేల మీద నూనె, అన్నీ. బాగా లేదంటే పంపకండి, నేను రాసిందంతా పక్కన పెట్టేయండి. బాగుందంటే ఇన్‌స్ట్రక్టర్‌తో ఆయన్ని ఒక పావుగంట మాట్లాడనివ్వండి, మీరు మధ్యలో వెళ్లకండి. వీలైతే పది రోజుల్లో ఒక పూట వచ్చి పిల్లలకి లేత్ నడిపి చూపిస్తారా అని ఆ మాస్టారు అడిగేలా చూడండి. అడగకపోతే మీరే నెమ్మదిగా ఆయన చెవిన వేయండి. వేలు ఎలా పోయిందో ఆయన నోటితో చెబితే, నేను ముప్పై సార్లు చెప్పినా వినని పిల్లలు ఒక్కసారికే వింటారు.

సోమవారం గడువు అన్నారు. శనివారం మధ్యాహ్నం పర్మిషన్ పెట్టించి తీసుకెళ్లండి. ఆయన సొంత వెర్నియర్ ఉండే ఉంటుంది, జేబులో పెట్టుకోమనండి. అక్కడ పిల్లలు చేసిన ముక్కలు అల్మరాలో పెట్టి ఉంటారు, రెండు తీసి ఆయన్నే కొలవమనండి.